బొగ్గుతాత చెప్పొద్దన్నాడు

బొగ్గుతాతను పుట్టించింది నేనే, ఒప్పుకుంటాను. ఆయన మా పిల్లకు రాత్రిళ్లు నేను చెప్పే కథల్లో, అడవిలో పిల్లజంతువులన్నిటికీ బుద్ధులు చెప్పే ముసలి అడవిదున్న. నల్లగా ఉంటాడని ఆ పేరు పెట్టాను. గనిలో పనిచేసేవాడికి ఇంకే పేరు తడుతుంది?

మా గ్లోరియాకు ఏడేళ్లు. ఇంట్లో జరిగేదంతా వాళ్లమ్మకు చేరవేయడం దాని డ్యూటీ. ఆ డ్యూటీకి సెలవుల్లేవు. నేనేమో బీడీలు మానేశానని నా భార్య సుగుణమణికి చెప్పి ఉన్నాను. ఆమె బసంత్‌నగర్‌లో టీచరు. ఇల్లు చేరేసరికి ఐదున్నర. మొదటి షిఫ్టు దిగి వచ్చాక, ఆలోపు పెరట్లో ఒక్కటి కాల్చుకునేవాణ్ణి.

అందుకే బొగ్గుతాతతో ఒక మాట చెప్పించాను: "చూసినయన్నీ అమ్మకు చెప్పొద్దు బిడ్డా. అమ్మకు ఫికరైతది."

పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని వింది. ఆ రోజునుంచి నోరు మెదపలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంకో రెండు ఎక్కువే కాల్చాను.

ఒక ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే గ్లోరియా చెప్పు తొడుక్కోలేక గోడ పట్టుకుంది. సుగుణమణి కాలెత్తి చూసింది. మడమ ఎర్రగా వాచిపోయి ఉంది.

"ఇదేందే?"

"బుధవారం మేకు గుచ్చుకుంది."

"నాలుగు రోజులాయె! ఎందుకు చెప్పలే?"

"బొగ్గుతాత చెప్పొద్దన్నడు. నీకు ఫికరైతదట."

సుగుణమణి నావైపు తిరిగింది. "ఎవరయ్య ఆ బొగ్గుతాత?"

"ముందు దవాఖానకు పోదాం," అన్నాను. సూదంటే పారిపోయే నేను, దవాఖానలో దాక్కోవాలనుకున్నది అదే మొదలు.

డాక్టరు చీము తీసి, సూది వేసి, ఇంకో రెండ్రోజులు ఆగితే కష్టమయ్యేదన్నాడు. బల్లమీద కూలబడ్డాను.

"ఏం దాచిపెట్టేందుకు చెప్పినవ్ పిల్లకు ఆ కథ?" అంది సుగుణమణి మెల్లగా.

"బీడీలు."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నాకు కాదు. పోయి పిల్లకు చెప్పు," అంది.

ఇరవై రెండేళ్లుగా గనిలోకి దిగుతున్నాను. పిల్లను పడుకోబెట్టిన మంచం దాకా నాలుగడుగులు వేయడానికి పట్టినంతసేపు ఎక్కడా పట్టలేదు.

"బొగ్గుతాతది తప్పు బిడ్డా. నేను బీడీ తాగుడు అమ్మకు తెల్వద్దని ఆయనతోని గట్ల చెప్పిచ్చిన. నొప్పైతే చెప్పాలె. ఎవరు వద్దన్నా చెప్పాలె. నేను వద్దన్నా సరే."

గ్లోరియా కట్టు కట్టిన కాలు చూసుకుంటూ ఆలోచించింది. "మరి తాతకే మంచిచెడు తెల్వకపోతే, ఆయనకు ఎవరు చెప్తరు నాయినా?"

"ఆయన పెండ్లాం చెప్తది," అంది వెనకనుంచి సుగుణమణి.

మర్నాటినుంచి కథ ఆమె చేతికి పోయింది. అడవిలోకి ఒక ఆడదున్న వచ్చింది. పిల్లజంతువులన్నీ ఆమె చుట్టూనే చేరుతున్నాయి. బొగ్గుతాత వెనక వరసలో తలొంచుకుని పాఠం వింటున్నాడు. పక్కనే నేనూ ఉన్నాను. కాస్త జరగమంటే జరిగి చోటిచ్చాడు, పాపం.