తెర మీద తలుపు

ఆ రోజు డిస్పాచ్ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు రాగానే కంప్యూటర్లో రెండు రోజులు సెలవు పెట్టాలి, సాయంత్రం బండెక్కి భార్య దగ్గర వాలిపోవాలి. ఆవిడ వేరే ఊరి ఆసుపత్రిలో నర్సు. ఎండాకాలం వెళ్ళి చలికాలం వచ్చినా ఇద్దరికీ సెలవు కుదిరి చావలేదు. ఇంట్లో రెండో దిండు చూస్తేనే ఆయనకు గుండె చెరువయ్యేది.

కంప్యూటర్లలో అచ్చం ఆఫీసువాటిలాంటి దొంగ తెరలు పెట్టి పాస్‌వర్డులు కాజేస్తున్నారని ఆఫీసులో కొత్త పద్ధతి తెచ్చారు. పేరు కొట్టగానే ఎవరు ఎంచుకున్న బొమ్మ వాళ్ళకు కనిపిస్తుంది. కనిపించకపోతే అది దొంగ తెర; పాస్‌వర్డ్ కొట్టకూడదు. గుమాస్తా భార్య ఫొటో పెట్టుకున్నాడు. రోజూ పేరు కొట్టి, పాస్‌వర్డ్ సంగతి మరిచి, కాసేపు అలాగే చూస్తూ కూర్చునేవాడు పాపం.

ఆ రోజు పేరు కొడితే భార్య లేదు. తన ఇంటి తలుపు ఉంది, అదీ బార్లా తెరిచి.

"ఇప్పుడే కదా తాళం వేసి వచ్చాను," అన్నాడు నీరుగారిపోయి. భార్యకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

పక్క సీటు టైపిస్టు తొంగిచూసింది. "దొంగ తెరేనండీ, ముట్టుకోకండి. మీ ఇంటిదాకా వెళ్ళారంటే మామూలు వాళ్ళు కాదు."

ఆ మాట క్యాంటీన్ చేరేసరికి గుమాస్తా ఇల్లు దోచేశారు. మేనేజరు గది చేరేసరికి ఆఫీసునే దోచేస్తున్నారు. కంప్యూటర్ల ఇంజనీరు పరుగెత్తుకొచ్చి అన్నిటికీ కరెంటు పీకేశాడు.

"సార్, నా సెలవు..." అన్నాడు గుమాస్తా.

"కొంప మునుగుతుంటే సెలవేమిటయ్యా? పద మీ ఇంటికి," అన్నాడు మేనేజరు.

మేనేజరు, ఇంజనీరు, దారిలో కలిసిన పోలీసు వెంట రాగా గుమాస్తా ఇల్లు చేరాడు. తలుపు తీసింది దొంగ కాదు, భార్య. తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉంది.

"ఒక్కరోజు సెలవు దొరికితే పొద్దున బండికి దిగాను. నా తాళంచెవితో తలుపు తీసి, ఆ ఫొటో మార్చి పెడితే చూసి పరుగెత్తుకొస్తారనుకున్నా. ఇంతమందిని వెంటేసుకొస్తారనుకోలేదు," అంది కుర్చీలు వేస్తూ.

"ఆఫీసు తెర మీది ఫొటో మీరెలా మార్చారమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"ఫోన్లోంచే. ఈయన పాస్‌వర్డ్ నా దగ్గరుందిగా. ఈయనకు సెలవులెన్ని మిగిలాయో రోజూ చూసుకుంటుంటాను."

గుమాస్తాకు కళ్ళు చెమర్చాయి. మేనేజరుకు మాత్రం ఒళ్ళు మండింది. దొంగ తెరకు చెప్పని పాస్‌వర్డ్ ఇంట్లో చెప్పినందుకు అక్కడికక్కడే కాగితం అడిగి పుచ్చుకుని, వారం రోజులు సస్పెండ్ చేశాడు.

సాయంత్రం మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే బండెక్కారు. సెలవు పెట్టి ఉంటే దొరికేవి రెండు రోజులే.