మా ఆయన శాలువా సిద్ధాంతం

మా ఆయన రామచందర్‌కు జనగామ బజారులో బట్టల దుకాణం ఉంది. దుకాణంలో ఆయన గుడ్డను కొలుస్తాడు, ఇంట్లో నన్ను కొలుస్తాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన భోజనానికి వచ్చేసరికి నేను గడప లోపల ఉన్నానా, బయట ఉన్నానా అన్నదే ఆ కొలత. గురువారం నాడు ఎప్పుడూ బయటే ఉంటాను కాబట్టి, ఆ రోజు ఆయన లెక్కలో నేను అరగజం తక్కువ.

గురువారం మా మహిళా మండలి రోజు. పదకొండు మందిమి మా మండలి రూములో రాగిజావ కాచి, సర్కారు దవాఖానకు వెళ్లి, కాన్పు వార్డులో బాలింతలకు వేడి వేడిగా పోసి, పుట్టిన బిడ్డకు పాత చీరలతో కుట్టిన బొంత ఇచ్చి వస్తాం. ఇరవై అయిదేళ్లుగా ఇదే పని. ఊళ్లో పడుచువాళ్లలో సగంమంది మా పాత చీరల్లో చుట్టుకుని ఇంటికి పోయినవాళ్లే.

ఇన్నేళ్లలో మమ్మల్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఒకసారి ఒక ముసలవ్వ మాత్రం తాగి గిన్నె బోర్లించి, "ఉప్పు జర తక్కువైంది బిడ్డా" అంది. మాకు వచ్చిన ప్రశంసాపత్రం అదొక్కటే.

అందుకే సకల జనుల సమ్మె నడుస్తున్న ఆ సెప్టెంబరులో, మా ఆయన చల్లన్నం ముందు కూర్చుని, "మీ మండలికి సన్మానం చేద్దామనుకుంటున్న" అన్నప్పుడు నేను మజ్జిగ గిన్నె కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"ఎవరు చేస్తరు?"

"మా వర్తక సంఘం. ఇరవై అయిదేండ్లంటే మాటలా?"

"నిన్నటిదాక పనిలేని ఆడోళ్ల గుంపు అంటిరి కదా."

"నిన్న వేరు. ఇయ్యాల వేరు."

మనిషి ఆశపోతు. రెండు రోజులు నమ్మాను. ఆ రెండు రోజుల్లో గద్వాల చీర ఒకటి తీసి ఇస్త్రీ కూడా చేసుకున్నాను.

మూడో రోజు పొద్దున టిఫిన్ డబ్బా ఇద్దామని దుకాణానికి వెళ్లి, వెనక గది తెర దగ్గర ఆగిపోయాను. లోపల ఎరువుల వ్యాపారి శ్రీపాల్ ఉన్నాడు. ఎవరికి పుట్టినరోజని తెలిసినా సంచిలోంచి శాలువా తీసే మనిషి కాబట్టి ఊళ్లో అందరూ ఆయన్ను శాలువాల శ్రీపాల్ అంటారు.

"నర్సయ్య సారుకు కప్పినవు. మల్ల బడి మొకం సూసిండా?" అని మా ఆయన అడుగుతున్నాడు.

"సూడలేదన్నా."

"పోస్టాఫీసు ఉప్పలయ్యకు కప్పినవు. మల్ల ఒక్క ఉత్తరమన్న పంచిండా?"

"ఇంట్ల మంచం మీద కూసున్నడు."

"గదే చెప్తున్న. శాలువా కప్పినంక మనిషి పనికి వంగంగ నేను సూడలే. సన్మానమంటే మర్యాదగ ఇంటికి తోలుడే. మీరు అలసిపోయిండ్రు, ఇగ బాధ్యత మాది అని మైకుల చెప్తం. మండలి రూము తాళంచెవి తీసుకుంటం. రూము నీ యూరియా బస్తాలకు. మా ఇంటామె నాకు."

వాళ్లిద్దరూ ఉద్యోగ విరమణ నాడు శాలువా కప్పించుకున్నారన్న సంగతి మా ఆయన సిద్ధాంతానికి తట్టలేదు.

నేను నిశ్శబ్దంగా ఇంటికి వచ్చేశాను. టిఫిన్ డబ్బా కూడా నాతోనే వచ్చింది. కోపం రాలేదు. కోపానికి ఓపిక కావాలి. ఇరవై అయిదేళ్లకు వచ్చిన మొదటి మంచిమాట ఎర అని తెలిసిన మనిషికి వచ్చేది నీరసం. రూము పోతే పొయ్యి పోతుంది. పొయ్యి పోతే గురువారం పోతుంది. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం తాండా నుంచి మోతీబాయి వచ్చింది. మేము మొట్టమొదట జావ పోసిన బాలింత ఆమే. ఆ తర్వాతి గురువారం చంకలో బిడ్డతో వచ్చి మాతో కలిసిపోయింది.

"అక్కా, నాకు సుత కప్పుతరా?"

"కప్పుతరు."

"పదకొండు మందికి పదకొండా? ఒక్కటే తిప్పి తిప్పి కప్పుతరా?"

ఆమె ముఖంలో సంతోషం చూసి దాచలేకపోయాను. విన్నదంతా చెప్పాను. మోతీబాయి గాజులు పైకి తోసుకుంది.

"శాలువాలైతే తీసుకుందాం అక్కా," అంది. "తాళంచెవి ముచ్చట నాకిడువు."

ఇంతలో సమ్మె మా ఆయన సన్మానాన్ని నమలడం మొదలుపెట్టింది. ఊళ్లో ఉన్న కుర్చీలన్నీ దీక్షా శిబిరాల్లో ఉన్నాయి. బస్సులు లేవు కాబట్టి హన్మకొండ నుంచి ముఖ్య అతిథి రాడు. కరెంటు ఎప్పుడొస్తుందో, వస్తే ఎంతసేపుంటుందో ఎవరికీ తెలియదు. చివరికి ఆయన హైదరాబాదు రోడ్డు మీదున్న దీక్షా శిబిరం వాళ్లనే బతిమాలుకున్నాడు. వాళ్లు తమ వేదిక ఇస్తామన్నారు. బుధవారం అక్కడ వంటావార్పు ఉంది, ఆ రోజే పెట్టుకోమన్నారు. అంటే బండ్లు కదలకుండా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తినడం.

ఆయన తల గోక్కుంటూ ఇంటికి వచ్చాడు.

"జర చిన్న పని పడ్డది."

"ఏంది?"

"మీ సన్మానానికి మీరే వండాలె."

"ఎంతమందికి?"

"నాలుగు వందలు."

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఉపన్యాసం జర రాసియ్యవా? నాకు గా పెద్ద మాటలు రావు."

"ఎవరిని పొగడాలె?"

"నిన్నే."

అలా నన్ను నేను పొగుడుకుంటూ అరఠావు రాశాను. కొంచెం తగ్గించే రాశాను. ఎక్కువ రాస్తే ఆయనకు చదవడం కష్టం.

బుధవారం పొద్దున రోడ్డు ఊడ్చింది మేమే, ముగ్గు వేసింది మేమే. 'మీ సేవలకు జోహార్లు' అన్న బ్యానరు ఒక పక్కకు జారితే నేనే కుర్చీ ఎక్కి సరిచేశాను. నాలుగు పెద్ద గుండిగల్లో బియ్యం పోసి, కింద మంట పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వేదిక ఎక్కాం. రోడ్డుకు అటూ ఇటూ కనుచూపు మేర లారీలు నిలబడి ఉన్నాయి.

శాలువాలు పదకొండూ వచ్చాయి. మోతీబాయి తనది అంచు పట్టుకుని లెక్క సరిచూసుకుంది. మా ఆయన బ్యాటరీ మైకు ముందు నిలబడి నేను రాసింది చదివాడు. 'మాతృమూర్తులు' దగ్గర ఒకసారి తడబడ్డాడు. ఆ తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగతాది ఆయన సొంతం.

"మీరు అలసిపోయిండ్రు. ఇగ పనికి వంగొద్దు. ఇయ్యాల్టి నుంచి మీ బాధ్యత మాది."

నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. శ్రీపాల్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

మోతీబాయి లేచింది. మైకు అందుకుంది.

"సేటు గింతమంది ముంగట మాటిచ్చిండు. మా తాండల మాటిస్తే అప్పటికెల్లే మొదలు వెడ్తం. అన్నం ఉడుకుతున్నది సేటూ, గంజి వంచే యాల్లయింది. రేపు గురువారం. వార్డుల పద్దెనిమిది మంది బాలింతలున్నరు." తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి, దాని మీద అన్నం గరిటె పెట్టింది.

"మా యూరియా లారీ వచ్చినట్టున్నదన్నా," అంటూ శ్రీపాల్ వేదిక దిగి వెళ్లిపోయాడు. పొద్దుటి నుంచి ఆ రోడ్డు మీద లారీ అన్నది కదల్లేదు.

మా ఆయన నా వైపు వంగాడు.

"లీలా, జర లెవ్వు. అన్నం అడుగంటుతది."

"ఎట్ల లేస్త? మీరే వంగొద్దంటిరి."

"నేనన్నది నిన్ను ఇంటికాడ ఉండమని. నాకింత వేడన్నం పెట్టమని. అందరికి కాదు."

మైకు ఇంకా ఆయన మూతి దగ్గరే ఉంది. శిబిరమంతా విన్నది. వెనక నుంచి ఎవరో పెద్దాయన, "గా ముచ్చట ఇంట్ల చెప్పుకోక, గింతమందిని పిలిచినవేంది నాయినా" అన్నాడు. ఆ తర్వాత లారీ డ్రైవర్లు కూడా నవ్వారు.

మా ఆయన దిగి వెళ్లి వండాడు. రెండు గుండిగలు సంకటి అయ్యాయి, ఒకటి పలుకు మీద ఉండిపోయింది, ఒకటి మాడింది. అందరూ మాట్లాడకుండా తిన్నారు. ఉద్యమంలో త్యాగాలు తప్పవనుకున్నట్టున్నారు.

మరునాడు నేను ఇంట్లో ఉన్నాను. మాటంటే మాటే కదా. ఆయన తెల్లవారకముందే తాళంచెవి పట్టుకుని రూముకు పోయాడు. నేను వంట ముగించి కిటికీ దగ్గర కూర్చున్నాను. పద్దెనిమిది మంది. ఉప్పు వేశాడో లేదో. చల్లారకముందు తీసుకుపోయాడో లేదో. ఇరవై అయిదేళ్లలో అంత పొడవైన గురువారం నేను చూడలేదు.

రెండు గంటలకు ఆయన వచ్చాడు. చొక్కా నిండా రాగి మరకలు. చేతిలో క్యాను. దించుతుంటేనే బరువు తెలిసింది.

"తాగలేదా?"

"లోపలికి రానిస్తే కదా. కాన్పుల వార్డుల మొగోళ్లు రావద్దంట. దవాఖాన ఆయమ్మ తలుపుకాన్నే ఆపింది."

"బాధ్యత మీదని చెప్పకపోయిండ్రా?"

"చెప్పిన. బాధ్యతను బయటనే నిలవెట్టుమన్నది."

ఒక్కో మెతుకూ లెక్కపెడుతున్నట్టు అన్నం వైపు చూశాడు గాని కూర్చోలేదు. జేబులోంచి తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు.

"తీసుకో. శ్రీపాల్‌కు రూము లేదని చెప్పిన."

"నాకెందుకు? మేం లోపలికి పోతం, పోస్తం. వండుడు మీదే. నాలుగు వందల మంది విన్నరు."

క్యాను అందుకుని మూత తీశాను. జావ ఉండలు కట్టింది. వేడి చేసి, వడగట్టి, చెప్పులు తొడుక్కున్నాను. దవాఖాన మెట్ల మీద మోతీబాయి బొంతల మూటతో అప్పటికే కూర్చుని ఉంది.

సమ్మె అక్టోబరులో ఆగింది. మా ఆయన జావ ఆగలేదు. ప్రతి గురువారం తెల్లవారుజామునే లేచి మండలి రూములో పొయ్యి ముందు నిలబడతాడు. ఉండలు ఇంకా కడుతూనే ఉన్నాయి. నేను పక్కన నిలబడి వడగడతాను. నాకు పని తగ్గిందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల అమాయకత్వం.

మొన్నొక రోజు గరిటె ఆపి అడిగాడు.

"గిదింక ఎన్నేండ్లు కలపాలె?"

"మీకు సన్మానం జరిగేదాక."

"అదెప్పుడు?"

"మాకైతే ఇరవై అయిదేండ్లకు జరిగింది."

ఆయనకు యాభై నాలుగు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ డెబ్బై తొమ్మిది దగ్గర ఆగాడు. ఆ తర్వాత మళ్లీ గరిటె తిప్పసాగాడు.