పాముచెవుల అల్లుడు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా అత్తగారు చదివిన కథల రికార్డింగు వినాలి, అక్కడక్కడా దగ్గులుంటే కత్తిరించాలి, సాయంత్రం ఐదులోపు ప్రచురణ సంస్థకు పంపాలి, ఆ తర్వాత హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోవాలి.

ప్రకటనల కోసం శబ్దాలు కత్తిరించి అతికించడమే అతని వృత్తి. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందని తోటివాళ్ళు అతనికి "పాముచెవులు" అని పేరు పెట్టారు. ఆ పేరంటే అతనికి మహా మోజు. ఎవరైనా మరిచిపోతే తనే గుర్తుచేసేవాడు.

కింది వాటాలో ఉండే అత్తగారు ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి ఈమధ్యే విరమించారు. పిల్లల కథలు చదివి వినిపించే గొంతు కావాలని సంస్థవాళ్ళు వెతుకుతుంటే అల్లుడే ఆవిడ పేరు చెప్పాడు. ఈ పుస్తకం నచ్చితే మిగతా పదీ ఆవిడవే. తన గొంతు వినేవాళ్ళు ఇక లేరని దిగులుపడుతున్న మనిషి, ఆ కబురు విన్న రోజు సంతోషంలో టీలో రెండుసార్లు పంచదార వేశారు.

పదింటికి అల్లుడు లాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. అత్తగారి గొంతు గంటలా మోగింది. కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆవిడ ఆగినప్పుడల్లా వెనకాల జుయ్‌మని ఒకటే మోత.

"వెనక ఏదో చప్పుడు వస్తోంది. మీ అమ్మకి కాస్త మెత్తగా చెప్పు" అన్నాడు భార్యతో. అత్తగారికి ఎదురుగా వంక పెట్టే ధైర్యం, పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అతనికి ఒక్కసారీ రాలేదు.

భార్య మెత్తగానే చెప్పింది. ఎంత మెత్తగా అంటే, లోపం గదిలో ఉందో గొంతులో ఉందో అత్తగారికి తెలియలేదు.

"నా గొంతు ముసలిదైపోయిందంటున్నారా?"

"అబ్బే, అదేం కాదమ్మా."

అత్తగారు ఉప్పునీళ్ళు కాచుకుని పుక్కిలించారు. ఆ చప్పుడు మేడమీదికి వినబడుతుంటే అల్లుడికి మనసు చివుక్కుమంది. ఆవిడ తప్పేమీ లేదని నిరూపించడానికి వెంటనే ఇంటిమీద పడ్డాడు. ఫ్యాన్లు ఆపించాడు, ఫ్రిజ్ ఆపించాడు, గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాడు. అత్తగారు ఫోను పట్టుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. నలభై నిమిషాలు ఇంటిల్లిపాదీ మునివేళ్ళమీద నడిచారు.

రెండో రికార్డింగు వచ్చింది. అల్లుడు కళ్ళు మూసుకుని, వేలు పైకెత్తి విన్నాడు.

"సగం తగ్గింది."

"సగమా?" అంది భార్య.

"కచ్చితంగా సగం. నా చెవులకి తెలీదా?"

ఈలోగా ఫ్రిజ్‌లో మంచు కరిగి వంటగది మడుగైంది. భార్య గుడ్డ పట్టుకుని చతికిలబడింది. ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే ఇంజనీరు ఆమె. సెలవు పెట్టింది ఇందుకోసం కాదు. అల్లుడి చూపు మాత్రం హాల్లో ఉన్న మామగారి చేపల తొట్టిమీద పడింది.

"ఆ గాలి మోటారు కాసేపు ఆపుదాం మామయ్యా."

"ఊపిరాడక చచ్చిపోతాయి బాబూ!"

"గంటసేపే. కరెంటు మెయిన్ కూడా ఆపేద్దాం. అసలు అనుమానమే ఉండదు."

మెయిన్ ఆగింది. అత్తగారు మూడోసారి గదిలోకి వెళ్ళారు. మామగారు గరిటె తెచ్చుకుని తొట్టి పక్కన కూర్చుని, చేపలకు గాలి ఆడేలా నీళ్ళు కలుపుతూ ఉండిపోయారు.

నాలుగున్నరకు సంస్థ నుంచి ఫోను. ఐదింటికి రాకపోతే వేరే గొంతు చూసుకుంటామన్నారు. అల్లుడు లాప్‌టాప్ ముందు కూలబడ్డాడు. మోతతో పంపితే వాళ్ళు ఆవిడ గొంతుకే వంక పెడతారు. ఆ మాట ఆవిడ చెవిన పడటం కంటే తనే తప్పించడం మేలనుకున్నాడు. "ఈ గొంతుతో పని జరిగేలా లేదు, మరొకరిని చూసుకోండి" అని రాసి, కళ్ళు మూసుకుని పంపే మీట నొక్కాడు. తర్వాత అపరాధిలా ఆ రెండో రికార్డింగే ఇంకోసారి పెట్టుకున్నాడు.

మోత లేదు.

హెడ్‌ఫోన్లు తీసి, చెవులు దులుపుకుని మళ్ళీ విన్నాడు. అత్తగారు ఆగినచోట నిశ్శబ్దం ఉంది, ఇంకేమీ లేదు. ఇప్పుడే పంపిన ఉత్తరం గుర్తొచ్చింది. తెర చూస్తే, మెయిన్ ఆపడంతో ఇంటర్నెట్టూ ఆగిపోయి, ఆ ఉత్తరం ఇంకా వెళ్ళలేదు.

"మెయిన్ వెయ్యకండి! ఎవరూ వెయ్యకండి!" అని అరుస్తూ మెట్లమీదికి వచ్చాడు.

అప్పటికే మామగారి ఓపిక అయిపోయింది. ఆయన టక్‌మని మెయిన్ వేసేశారు. అల్లుడు వెనక్కి పరుగెత్తి, ఇంటర్నెట్టు పెట్టెలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుండగా, ఆఖరి దీపానికి ముందు ఉత్తరాన్ని చెరిపేశాడు. బతుకుజీవుడా అనుకుంటూ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మళ్ళీ జుయ్‌మంది. అదే రికార్డింగు!

వెనకాలే వచ్చిన భార్య ఒక్క క్షణం చూసింది. ఛార్జరు పీకింది. మోత పోయింది. పెట్టింది. వచ్చింది.

"మోత అమ్మ గొంతులో లేదు, మన ఇంట్లోనూ లేదు. మీ లాప్‌టాప్‌లో ఉంది. రోజూ ప్రకటనల్లో వాయించే సంగీతం కింద మీకు వినబడలేదంతే."

"అయితే ఛార్జరు పీకేసి పని చేసుకుంటా."

"బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?"

"పదకొండు నిమిషాలు."

భార్య వంగి, టేబుల్ పొట్టి కాలి కింద నుంచి ఒక అట్టపెట్టె లాగింది. అతని పుట్టినరోజుకి ఆమే కొనిచ్చింది. నా చెవులకి ఇలాంటివి అక్కర్లేదని అతను నాలుగు నెలలుగా దాన్ని టేబుల్‌కి ఊతంగా వాడుతున్నాడు. లోపల అగ్గిపెట్టెంత లోహపు డబ్బా.

"దీన్ని డాక్ అంటారు. లాప్‌టాప్‌లో పాటైనా మాటైనా అంకెల్లోనే ఉంటుంది. ఆ అంకెల్ని శబ్దంగా మార్చే పని లోపలి చిన్న ముక్క చేస్తుంది. ఛార్జరు గోలంతా దాని నెత్తిమీదే. ఈ డబ్బా ఆ పనిని బయట పెట్టుకుని ప్రశాంతంగా చేస్తుంది."

డబ్బాను లాప్‌టాప్‌కు, హెడ్‌ఫోన్లను డబ్బాకు తగిలించింది. ఛార్జరు పెట్టే ఉంది, మోత లేదు. అంతలో అత్తగారి మూడో రికార్డింగూ వచ్చింది. ఒకే ఒక్క దగ్గు కత్తిరించి, ఐదుకు మూడు నిమిషాలుండగా పంపేశారు. ఆరింటికి జవాబొచ్చింది: గొంతు చాలా బాగుంది, మిగతా పది పుస్తకాలూ ఆవిడే చదవాలి.

అత్తగారు కుర్చీలో కూర్చుండిపోయి, పైటకొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అల్లుడికి గుండెలమీంచి బండ దించినట్టయింది. మెయిన్ ఆగకపోతే ఏమయ్యేదో తలచుకుంటూనే, కాస్త పరువు దక్కించుకుందామనిపించింది.

"ఏమైనా అత్తయ్యా, మూడోసారి చదివింది మాత్రం అద్భుతం. మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. ఆ భావం, ఆ విరుపు..."

"మూడూ ఒకటే బాబూ" అన్నారు అత్తగారు మెల్లిగా.

"ఒకటే అంటే?"

"మొదటిదే పేరు మార్చి పంపాను. బడిలో దిద్దేవాళ్ళమీద అనుమానం వస్తే, అదే పేపరు ఇంకోసారి ఇచ్చి చూసేదాన్ని. నా గొంతే పోయిందేమోనని పొద్దున చాలా భయపడ్డాను. మీరు రెండోది విని సగం తగ్గిందన్నారు చూడండి, అప్పుడు కుదుటపడ్డాను."

"మరి నలభై నిమిషాలు లోపల ఏం చేశారు?"

"ఇల్లు ఇంత నిశ్శబ్దంగా మళ్ళీ ఎప్పుడుంటుంది? కాస్త కునుకు తీశాను."

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ!"

"అల్లుణ్ణి ఎదురుగా ఎలా అంటాం బాబూ?"

భార్య నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. "పోనీలెండి, పాముచెవులు అన్న పేరైనా మిగిలింది" అంది.

మామగారు చేపలకు మేత వేస్తూ, తలెత్తకుండానే అన్నారు: "పాముకి చెవులుండవమ్మా."