కిటికీ పక్క మంచం తాతగారు

పిల్లల వార్డులో ఒక చోటు ఖాళీ అయింది. ఈ ఒక్క రోజు పెద్దల వార్డులో మాట పడకుండా గడిపితే రేపటినుంచి అది తనదే. ఆ కబురు వినగానే, హాస్టల్లో అందరూ సుడిగాలి అని పిలిచే నర్సింగ్ విద్యార్థినికి కాలు నేల మీద నిలవలేదు. ముసలివాళ్లంటే ఆమెకు కోపమేమీ లేదు. వాళ్లకు చెవులు వినపడవనీ, చెప్పిందే చెబుతారనీ, అన్నిటికీ తల ఊపితే చాలనీ నమ్మకం, అంతే.

కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కొత్త రోగి కాబోలు అనుకుంది.

"నేను రోగిని కానమ్మా. మా అమ్మాయి కోసం వచ్చాను," అన్నాడాయన.

"అలాగే తాతగారూ. మొదట్లో అందరూ అదే అంటారు," అని ఆయన చెవి దగ్గర కేకేసి చెప్పి, తెర లాగింది. ఆయన వద్దన్న ప్రతిసారీ అలాగే అంటూనే ఆసుపత్రి గౌను తొడిగింది. చొక్కా, ప్యాంటు లాండ్రీ బండి ఎక్కాయి. గోళ్లు కత్తిరించింది, తల దువ్వింది, వెన్నుకు దిండు సర్దింది. ఇంట్లో ఇంత సేవ ఎరగడేమో, పెద్దాయన కాసేపు మెత్తబడ్డాడు. మళ్లీ వచ్చిన పని గుర్తొచ్చి తలుపు దాకా నడిచాడు. గౌను చూసిన కాపలా మనిషి బుజ్జగిస్తూ వెనక్కి తెచ్చాడు. ఆయన గొంతు పెంచాడు. జ్వరమేమోనని సుడిగాలి ఆయన నోట్లో థర్మామీటరు పెట్టింది.

అప్పుడే హెడ్ సిస్టరు వచ్చింది. ఆవిడంటే డాక్టర్లకే హడలు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి, పొద్దుటినుంచి గోడలు పట్టుకుని నడుస్తోంది. పెద్దాయన ఆవిణ్ణి చూసి చేతులూపుతూ "ఊఁ... ఊఁ" అన్నాడు.

"ఆ తాతగారు మరీ గొడవ చేస్తున్నట్టున్నారు. మంచం కడ్డీలు ఎత్తెయ్," అంది హెడ్ సిస్టరు.

కడ్డీలు లేచాయి. ఇంతలో లాండ్రీ అతను, చొక్కా జేబులో దొరికిందంటూ ఒక కళ్లజోడు తెచ్చాడు. హెడ్ సిస్టరు తడిమి చూసి, అది తనదేనని పెట్టుకుంది. అప్పుడు కడ్డీల వెనక మనిషి కనిపించాడు.

"నాన్నా?"

పెద్దాయన థర్మామీటరు తీశాడు. "కళ్లజోడు ఇచ్చి పోదామని వచ్చానమ్మా. పోనిస్తేగా."

సుడిగాలికి విషయం అర్థమైంది. పిల్లల వార్డు గాలిలో కలిసినట్టే. హెడ్ సిస్టరు ఆమె మీదికి నోరు తెరిచి, కడ్డీలు ఎత్తమన్నది ఎవరో గుర్తొచ్చి మూసేసింది.

"ఆ పిల్లనేమీ అనకు," అన్నాడు తండ్రి. "చేయి మంచిది. చెవే పనిచేయడం లేదు."

సుడిగాలి కడ్డీలు దించి, మంచం పక్కన కూర్చుంది. ఇంకా ఏమైనా చెప్పాలనుకున్నారా అని మామూలు గొంతుతో అడిగింది. చాలానే ఉన్నాయి. అవి విని పక్క మంచం తాతగారు కూడా అందుకున్నాడు. ఎవరి కథా చెప్పిందే చెప్పినట్టు లేదు. సాయంత్రం దాకా ఆమె కదల్లేదు.

డ్యూటీ దిగేముందు హెడ్ సిస్టరు, రేపు పిల్లల వార్డుకు వెళ్లమంది. సుడిగాలికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అయినా నసిగింది.

"మధ్యాహ్నం నుంచి వెళ్తానండీ. పక్క మంచం తాతగారి పెళ్లి కథ సగంలో ఉంది."

బట్టలింకా ఆరక గౌనులోనే ఉన్న పెద్దాయన, కూతురితో నింపాదిగా అన్నాడు.

"రేపు మీ అమ్మను కూడా తీసుకొస్తాను. ఇంకో మంచం చూసి పెట్టు."