మంత్రిగారి పేగులు కదిలిన వైనం

ఆరోగ్యశాఖ మంత్రిగారు తమ కడుపును ప్రజలకు అంకితం చేస్తున్నట్టు ప్రకటించారు. పేగు మెలికపడింది, కొయ్యక తప్పదని డాక్టర్లు చెప్పిన గంటలోనే ఈ ప్రకటన వెలువడింది. విదేశాలకు వెళ్ళరట. కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కరట. ప్రభుత్వాసుపత్రి జనరల్ వార్డులో, సామాన్యుడి పక్కన సామాన్యుడిగా పడుకుని ఆపరేషన్ చేయించుకుంటారట. టీవీలో ఆ మాట చెబుతూ ఒక చేత్తో కడుపు, రెండో చేత్తో మైకు పట్టుకున్నారు. నొప్పి ఎక్కువైనప్పుడు కడుపు వదిలేశారు గాని మైకు వదల్లేదు. నాయకుడంటే అలా ఉండాలి.

ఆ పక్కనుండే సామాన్యుణ్ణి నేనే. అంటే, సామాన్యురాలి తండ్రిని. టైలర్ని. మా ఏడేళ్ళ పాపకు అపెండిక్స్ పగిలితే, మంత్రిగారికి చెయ్యబోయే సర్జన్‌గారే అదే రోజు పొద్దున పొట్ట కోసి, కడిగి, కుట్టారు. కుట్లు చూశాను. మనలో మాట, పనితనం బాగుంది. పాపను వార్డులో పడుకోబెట్టామో లేదో, మంత్రిగారు సామాన్యుల మధ్య ఉండడానికి వీలుగా సామాన్యులందర్నీ వరండాలోకి తోశారు. అంత పెద్ద వార్డులో ఒకే ఒక్క మంచం, దానికో ఏసీ మిగిలాయి. మా పాప మంచం సరిగ్గా వార్డు తలుపు పక్కన పడింది. అదృష్టమనుకున్నాను. సర్జన్‌గారు వస్తూపోతూ మా పిల్లను కూడా చూస్తారు కదా అని.

లోపలికి వెళ్ళేముందు ఆయన నాకు ఓపిగ్గా చెప్పారు. పొట్ట తెరిచి చెయ్యి పెడితే పేగులు అలుగుతాయి. పెద్దలకైనా పిల్లలకైనా అంతే. అలక తీరిందనడానికి గుర్తు ఒక్కటే, కిందనుంచి గాలి వెళ్ళాలి. అది వెళ్ళేదాకా నోట్లో చుక్క నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే వాంతులు, పొట్ట ఉబ్బడం, లోపలి కుట్లు విడిపోవడం, మళ్ళీ కోత. పిల్లలు త్వరగానే తేరుకుంటారు, మంత్రిగారికే వయసు, షుగరు, చుట్టలు అన్నీ ఉన్నాయని కూడా అన్నారు. అలా అని లోపలికి వెళ్ళినవారిని మళ్ళీ బయటికి రానివ్వలేదు.

మంత్రిగారి ఆపరేషన్ దిగ్విజయంగా ముగిసిందని పార్టీ ఆఫీసు ప్రకటించేసరికి వారికింకా మత్తుమందు ఇవ్వలేదు. ముందుచూపు అంటే అదీ.

మూడో రోజుకి కూడా గాలి వెళ్ళలేదు. అటు వారికీ, ఇటు మా పాపకూ. ఆరోగ్యశాఖలో ప్రతిష్టంభన నెలకొందని ప్రతిపక్షం విమర్శించింది. పార్టీ యువజన విభాగం ఆసుపత్రి గేటు ముందు మౌనప్రదర్శన చేసింది. చప్పుడైతే వినపడాలి కదా. మా పాప పెదవులు ఎండి పగిలాయి. తడిగుడ్డతో తుడిస్తే ఆ గుడ్డనే చప్పరించబోయేది. "నాన్నా, ఒక్క గుక్క" అనేది. దాని ముఖం చూడలేక గోడ వైపు తిరిగేవాణ్ణి. కన్నవాడికి అంతకన్నా నరకం లేదు.

ఆ సాయంత్రం మంత్రిగారి పి.ఏ. మా మంచం పక్కన నిలబడి పైవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. కదలిక ఏమైనా ఉందా అని అవతల నుంచి గద్దిస్తున్నారు. సరిగ్గా అప్పుడు మా పాపకు గాలి వెళ్ళింది. పిల్ల చూడ్డానికి పిడికెడు. చప్పుడు మాత్రం కొత్తబట్ట చింపినట్టు వచ్చింది. అంత శ్రావ్యమైన ధ్వని నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి.

పి.ఏ. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, తలుపు దగ్గర పోలీసును అడిగాడు.

"లోపల్నుంచేనా?"

"మీరు ఎట్నుంచంటే అట్నుంచే సార్."

పి.ఏ. ఫోన్‌లో, "వెళ్ళింది సార్" అన్నాడు.

పది నిమిషాల్లో బులెటిన్ వచ్చింది. గేటు దగ్గర టపాకాయలు పేలాయి. ఆ సందడిలో సర్జన్‌గారిని కాసేపు బయటికి వదిలారు. నేను పరుగున ఎదురెళ్ళి శుభవార్త చెప్పాను. ఆయన సంతోషించి, ఎప్పుడని అడిగారు. ఇందాక పి.ఏ.గారు ఫోన్‌లో ఉన్నప్పుడని చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది.

"అది మంత్రిగారిది."

"నేను పక్కనే ఉన్నానండీ."

"బులెటిన్ మీద సంతకం పెట్టేశాను బాబూ. ఈ అంతస్తు మొత్తానికి ఇవాళ ఒక్కటే వెళ్ళింది." ఆయన పాప పొట్ట మీద చెయ్యేసి, చెవి ఆనించి విన్నారు. తల దించుకుని, "ఇంకోసారి వెళ్ళనీ, నీళ్ళు పట్టిద్దాం" అన్నారు.

పాపం, ఆయనకూ పెళ్ళాం పిల్లలున్నారు. అయినా ఆ క్షణంలో ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది.

లోపల మంత్రిగారు మాత్రం అమాయకంగా, నాకు తెలియకుండా ఎప్పుడు వెళ్ళిందయ్యా అని అడిగారట. తమరు నిద్రలో ఉన్నారని పి.ఏ. చెప్పి, టీవీ పెట్టి చూపించాడట. మంత్రిగారు తమ గురించి టీవీలో వచ్చినదాన్ని ఏనాడూ అనుమానించి ఎరగరు. కెమెరాల ముందు పళ్ళెం నిండా పెట్టించుకుని తిన్నారు. ఆకలి లేకపోయినా ప్రజల కోసం తిన్నారు. సర్జన్‌గారు వద్దనలేదు. వద్దంటే బులెటిన్ అబద్ధమవుతుంది.

మా పాపకు రెండోసారి ఆ రాత్రే వెళ్ళింది. ఈసారి ఎవరి ఖాతాలోకీ పోకుండా నేను గట్టిగా దగ్గాను. నర్సమ్మ చెంచాతో నీళ్ళు పట్టింది. పిల్ల కళ్ళు మూసుకుని ఆ చెంచాడు నీళ్ళనే నమిలి నమిలి మింగింది. ఇంతే కదా మేం అడిగింది.

తెల్లారేసరికి మంత్రిగారికి పచ్చటి వాంతులు మొదలయ్యాయి. కడుపు డోలులా ఉబ్బింది. లోపలి కుట్లు విడిపోయాయి, మళ్ళీ తెరిచారు. మొదటి ఆపరేషన్ సంతృప్తికరంగా ఉన్నందున మంత్రిగారు రెండోది కూడా ఇక్కడే చేయించుకోవాలని ముచ్చటపడ్డారని పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వాసుపత్రి మీద అంత నమ్మకం ఇంకెవరికుంటుంది?

అప్పట్నుంచి పి.ఏ. తీరు మారింది. అంతకుముందు నన్ను "ఏమయ్యా" అనేవాడు, ఇప్పుడు "అన్నయ్యా" అంటున్నాడు. పాపకు మెత్తటి పరుపు వేయించాడు. పాలు, రంగు పెన్సిళ్ళు తెచ్చిచ్చాడు. స్టూలు వేసుకుని పక్కనే కూర్చునేవాడు. పాప పాలు తాగిన రోజు మంత్రిగారు ద్రవాహారం తీసుకున్నట్టు బులెటిన్ వచ్చింది. పాప మంచం మీద లేచి కూర్చుని ఏనుగు బొమ్మకు రంగులు వేసిన రోజు మంత్రిగారు ఫైళ్ళు చూడటం మొదలుపెట్టారు. పసిపిల్లల్లా కోలుకుంటున్నారని పత్రికలు మెచ్చుకున్నాయి. వార్డులోంచి మాత్రం మిషన్ల కూత తప్ప ఏమీ వినపడేది కాదు.

పాప నడిచింది. కుట్లు విప్పారు. ఇక ఇంటికి తీసుకుపోవచ్చని సర్జన్‌గారు నెమ్మదిగా నాతో అన్నారు. పి.ఏ. ఒప్పుకోలేదు.

"మంత్రిగారికింకా నయం కాలేదు, పాప ఎలా పోతుందన్నయ్యా?"

మర్నాడు పొద్దున వార్డులో మిషన్ల కూత ఆగింది. తలుపు తెరుచుకుని సర్జన్‌గారు టోపీ చేత్తో పట్టుకుని బయటికి వచ్చారు. పి.ఏ. చెవిలో ఏదో చెప్పారు. అతను స్టూలు లాక్కుని మా మంచం పక్కన కూర్చుని జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇవాళ ఎలా ఉందమ్మా?"

"బాగుంది. ఇంటికి పోతా."

"ఇంకో రెండ్రోజులు తల్లీ." నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కొత్త మంత్రి పేరు పైన ఇంకా తేలలేదన్నయ్యా."

మధ్యాహ్నం వరండాలో టీవీలో బులెటిన్ వచ్చింది. మంత్రిగారు బాగున్నారు. ఇంటికి పోతానంటున్నారు.