మంత్రిగారి విరామం

రావిచెర్ల బహిరంగ సభలో మంత్రిగారు ప్రసంగం మధ్యలో తీసుకున్న విరామానికి మొన్న ఉగాదితో మూడేళ్ళు నిండాయి. "ఇక మీ ఇళ్ళ స్థలాల విషయంలో ఒక్క మాట చెబుతాను" అని, కుడిచేతి చూపుడువేలు పైకెత్తి, జనాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకసారి చూసి ఆయన ఆగారు. ఆ ఆగడం ఆగడమే. ఇంతవరకు వేలు దిగలేదు, మాట రాలేదు, సభ ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు.

ముఖ్యమైన మాటకు ముందు కాసేపు ఆగాలన్నది ఆయన హైదరాబాదులో నేర్చుకొచ్చిన విద్య. పార్టీవాళ్ళు పెట్టిన శిక్షణ తరగతుల్లో ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ కండువాతో కళ్ళు ఒత్తుకోవాలో అన్నీ నేర్పారు. ఎంతసేపు ఆగాలో నేర్పడం మరిచారో, నేర్పిన పూట ఈయన కునుకు తీశారో తెలియదు. ఏదైతేనేం, విద్య బాగానే ఒంటబట్టింది.

పరిపాలనకు లోటేమీ రాలేదు. ఎడమచెయ్యి ఖాళీయే కాబట్టి ఫైళ్ళ మీద సంతకాలు సాగుతున్నాయి. పొద్దున్నే మంగలి వచ్చి గడ్డం గీస్తాడు. మధ్యాహ్నం డాక్టరు వచ్చి ముక్కులో గొట్టం పెట్టి పల్చటి జావ పోస్తాడు. ఎత్తిన చెయ్యి దించకుండా చొక్కా మార్చడానికి కుడి చంక కింద బొత్తాలు కుట్టించారు. మధ్యలో ఎన్నికలు కూడా వచ్చాయి. రాష్ట్రం మొత్తమ్మీద ప్రచారంలో నోరు జారని అభ్యర్థి ఈయనొక్కడే కావడంతో బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచారు. పాత ప్రమాణ స్వీకారం రికార్డునే మైకులో వేసి మళ్ళీ మంత్రిని చేశారు.

చిక్కల్లా జనానికే వచ్చింది. బిర్యానీ పొట్లం, మజ్జిగ ప్యాకెట్టు ఇస్తారని లారీలెక్కి వచ్చినవాళ్ళు పొద్దు వాలుతుండగా లేవబోయారు. పెద్దాయన మాట్లాడుతుండగా లేచిపోవడం మర్యాద కాదని పోలీసులు బారికేడ్లు బిగించారు. అధికారులు ఇంకో ముక్క కూడా కలిపారు. మంత్రిగారు చెప్పబోయే మాట సభలో ఉన్నవాళ్ళకే వర్తిస్తుందట, ఆ మాట పడే వేళకు మైదానంలో లేనివాళ్ళకు స్థలం రాదట. ఇంకేముంది, ఆ తరవాత బారికేడ్లు తీసేసినా ఒక్కరూ కదల్లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు పెద్దలు. రావిచెర్లలో చెప్పనివాడికి కూడా లోకువే అయ్యారు.

మొదట్లో నేల మీదే కూర్చున్నారు. వాన పడ్డాక సభ కోసం కట్టిన ఫ్లెక్సీలు విప్పి పాకలు వేసుకున్నారు. ప్రతి పాక కప్పు మీదా మంత్రిగారు నవ్వుతూ దణ్ణం పెడుతుంటారు. ముసురు పడితే చాలామందికి ఆయన ముక్కు దగ్గరే కారుతుంది. కరెంటు మైకుసెట్టు వైరు నుంచి లాక్కున్నారు. రేషను కార్డుల్లో చిరునామా "మూడో బారికేడు, ఆడవాళ్ళ వైపు" అని పడింది. అక్కడ పుట్టిన పిల్లలకు తహసీల్దారు ఆఫీసువాళ్ళు 'సభికులు' అని ధ్రువపత్రాలు ఇచ్చారు.

ఆ మూడో బారికేడు దగ్గరే గురవమ్మ ఉంటుంది. మిర్చి తొడిమలు తీసే పని ఆమెది. కాలవ కట్ట వెడల్పు చేస్తామని ఆమె గుడిసె పీకేసిన నెలలోనే మొగుడు పోయాడు. కాన్పుకొచ్చిన కూతురు మార్తను వెంటబెట్టుకుని, నిలవ నీడ లేక, స్థలాలిస్తారంట అన్న మాట పట్టుకుని సభకు వచ్చింది. మనవరాలు ఇక్కడే పుట్టింది, ఇక్కడే నడక నేర్చింది. గురవమ్మకు కావలసింది ఓ రెండు సెంట్ల నేల, అంతే. మొదటి ఏడాదంతా రోజూ పొద్దున్నే వేదిక ముందు నిలబడి, "అయ్యా, ఆ ఒక్క మాటా అనేయరాదా, పనికి బోవాల" అని అడిగేది. మంత్రిగారు ఆమె నెత్తి మీదుగా చూసేవారు.

ఈ మధ్య శీతల గిడ్డంగులు కట్టే కంపెనీ ఒకటి ఆ మైదానం తమకు కావాలంది. అదే వారంలో అసెంబ్లీలో ప్రతిపక్ష సభ్యుడొకాయన లేచి, అది విరామం కాదు, మంత్రిగారు చెప్పాల్సింది మరిచిపోయారు, అన్నాడు. పెద్ద గొడవ జరిగింది. ఆయన్నే అడిగితే పోయేది కదా అని ఎవరికీ తోచలేదు. తోస్తే వాళ్ళు అసెంబ్లీలో ఎందుకుంటారు? నిగ్గు తేల్చడానికి ప్రభుత్వం విశ్లేషణ సంఘాన్ని వేసింది. ఆ ఆగడం ప్రసంగ శిల్పంలో భాగమని తేలితే సభ సాగుతున్నట్టు లెక్క, జనం ఎక్కడివాళ్ళక్కడే ఉండొచ్చు. ఊరికే ఆగిపోవడమని తేలితే సభ ముగిసినట్టు, తెల్లారేసరికి మైదానం ఖాళీ చేయించి కంపెనీకి అప్పగించాలి. గురవమ్మ పాక ఉండాలా, పోవాలా అన్నది అలంకారశాస్త్రం చేతిలో పడింది.

సంఘంలో ముగ్గురు. తెలుగు శాఖలో పనిచేసి రిటైరైన విమర్శకులు ఆచార్య పరాంకుశం గారు. సినిమాలను షాటు షాటూ విప్పి ఫోనులో చెప్పే కిరీటి అనే కుర్రాడు. నాయకులకు మాట్లాడటం నేర్పే ప్రమద్వర గారు. మంత్రిగారికి నేర్పింది కూడా ఆవిడే. ముగ్గురికీ గెస్టు హౌసు, భత్యం, జీడిపప్పు ఇచ్చారు. వాళ్ళు వారాల తరబడి మంత్రిగారి చుట్టూ తిరిగి పరిశీలించారు.

పరాంకుశం గారు మొదటి రోజే పరవశించిపోయారు. "చెప్పింది వాచ్యం, చెప్పనిది ధ్వని. ఇంత సుదీర్ఘమైన ధ్వని మన వాఙ్మయంలో ఇదే ప్రథమం" అన్నారు. కిరీటి వేదిక ముందు బురదలో వెల్లకిలా పడుకుని ఫోను పైకెత్తి, "ఇది ఇంటర్వెల్ బ్యాంగ్ సార్. వేలెత్తాడు, కట్. తరవాత ఏంటి, తరవాత ఏంటి అని జనం చచ్చిపోవాలి" అన్నాడు. మొదటి యేడు వడదెబ్బకు నిజంగానే కొందరు పోయారని తహసీల్దారు చెబితే, "అబ్బ, అంత ఇంపాక్టా!" అన్నాడు. ప్రమద్వర గారు కోణమానిని పెట్టి వేలికీ భుజానికీ మధ్య కోణం చూసుకుని, తను నేర్పింది నేర్పినట్టే ఉందని మురిసిపోయారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా?

తరవాత సభికుల స్పందన తెలుసుకోవడానికి మూడో బారికేడు దగ్గర కుర్చీలు వేయించుకున్నారు. గురవమ్మను పిలిచారు.

"ఈ విరామం వింటుంటే మీలో ఏ భావం కలుగుతోందమ్మా?" అని పరాంకుశం గారు అడిగారు.

"భావమేంది సామీ, కాళ్ళు పీకుతున్నయి. మీరంతా సదువుకున్నోళ్ళు గదా, ఆయనేం జెప్పబోతున్నడో మీకన్నా తెలుసా?"

"అది వస్తువు కిందికి వస్తుంది. మా పరిధి శిల్పం వరకే."

"అంటే?"

"ఎలా చెబుతున్నాడన్నదే మేం చూస్తాం. ఏం చెబుతున్నాడన్నది చూడం."

"చెప్పటంలా గదయ్యా!"

"అదే, ఎలా చెప్పడం లేదన్నది చూస్తున్నాం" అన్నారు పరాంకుశం గారు ఓపిగ్గా.

"సరే సామీ, పోనియ్యండి. ఆయన ఆ మాట అన్నాడే అనుకో. అప్పుడు?"

"అప్పుడు ప్రసంగం పూర్తవుతుంది. తరవాత వందన సమర్పణ ఉంటుంది."

"ఆ తరవాత?"

"జనగణమన."

"అదీ అయినంక?"

"సభ ముగుస్తుంది. మైదానం ఖాళీ చేసి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు."

"ఏ ఇళ్ళకి సామీ?"

"ఆహా, చూశారా, ఎంత సహజంగా వచ్చిందో! వ్యంగ్యం అంటే ఇదీ" అని పరాంకుశం గారు రాసుకున్నారు. ఆ మాట మళ్ళీ ఒకసారి అనమని, ఈసారి కెమెరా వైపు చూడమని కిరీటి అడిగాడు. గురవమ్మ చూపు కెమెరా దాటి మంత్రిగారి నోటి మీద పడింది. మూడేళ్ళుగా ఏ మాట కోసం పడిగాపులు పడిందో, స్థలం చేతికొచ్చేది ఎన్నటికో గాని, ఆ మాటే ముందు తనను లేవగొడుతుందని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ సంగతే పాకపాకకూ వెళ్ళి చెప్పింది. "ఆయన చెప్పనన్నాళ్ళే మనకి కొంప" అంది. నమ్మినవాళ్ళు భయపడ్డారు, నమ్మనివాళ్ళు తిట్టారు, తిట్టినవాళ్ళు కూడా పాకల్లోకెళ్ళి భయపడ్డారు.

నివేదిక చదివే రోజున కలెక్టరు, కంపెనీ ప్రతినిధి, పత్రికలవాళ్ళు వచ్చారు. ఒకవేళ శిల్పం కాదని తేలితే పని ఆలస్యం కాకూడదని పొక్లెయినులు కూడా వెనక నిలబెట్టారు. పరాంకుశం గారు మంత్రిగారి పక్కనే నిలబడి గంటన్నర చదివారు. మౌనం, నిరీక్షణ, అసంపూర్తి సౌందర్యం, వేలు ఎటు చూపిస్తోందన్న దాని మీద భిన్నాభిప్రాయాలు, అన్నీ వచ్చాయి. జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మార్త బిడ్డను చంకనేసుకుని పొక్లెయినుల వైపే చూస్తోంది. చివరికి ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇది ముమ్మాటికీ శిల్పమే. కావున విరామం కొనసాగుతున్నది" అన్నారు.

మైదానం మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. చప్పట్లు మోగాయి. పొక్లెయినులు వెనక్కి తిరిగాయి. కంపెనీ ప్రతినిధి మొహం మాడ్చుకున్నాడు.

తన గురించి ఇంత పొగడ్త విని ఏ నాయకుడు ఊరుకుంటాడు? మంత్రిగారి గొంతు కదిలింది. పెదవులు విడివడ్డాయి. మూడేళ్ళ తరవాత ఆయన కళ్ళు జనం ముఖాల మీద వాలాయి. చప్పట్లు సద్దుమణుగుతున్నాయి. ఇంకొక్క క్షణమైతే ఆ మాట బయటపడేదే.

అందరికన్నా ముందు చూసింది గురవమ్మ. "అయ్యో, నోరు దెరుస్తన్నడే!" అని కేకవేసి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. పక్కవాళ్ళు అందుకున్నారు. మంత్రిగారు నోరు మూసుకున్నారు. అలసిపోయి చప్పట్లు తగ్గగానే మళ్ళీ తెరిచారు. ఈసారి మైదానం మైదానమంతా కొట్టింది. ఆయన మళ్ళీ మూసుకున్నారు.

కలెక్టరు కంగారుపడితే ప్రమద్వర గారు గర్వంగా చెప్పారు. "చప్పట్లు పడుతున్నంతసేపు వక్త మాట్లాడకూడదండీ. మా తరగతిలో మొదటి పాఠం అదే. చూడండి, ఎంత చక్కగా పాటిస్తున్నారో!"

అప్పటి నుంచి రావిచెర్లలో చప్పట్లు ఆగలేదు. బారికేడ్లవారీగా వంతులు వేసుకున్నారు. ఒకళ్ళు మిర్చి పనికి పోతే ఇంకొకళ్ళు కొడతారు. బాలింతలకు మినహాయింపు ఇచ్చారు. పిల్లలకు మాటలకన్నా ముందు చప్పట్లు నేర్పుతున్నారు. అరచేతులకు రాసుకోవడానికి ఆముదం రేషనులో ఇస్తున్నారు. నివేదికకు సంఘం ఒక అనుబంధం జతచేసి, ప్రజల కృతజ్ఞత శిల్పాన్ని దాటి వస్తువుగా మారిన అరుదైన ఘట్టమని తేల్చింది. మంత్రిగారు చేసిన మేలు చెప్పలేక జనం చప్పట్లలో చెప్పుకుంటున్నారని పత్రికలు రాశాయి. పక్క జిల్లాల మంత్రులు కూడా వచ్చి చూసి, ఈర్ష్యతో ఇళ్ళకెళ్ళి వేలెత్తడం సాధన చేస్తున్నారు.

మొన్నామధ్య విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. మూడో బారికేడు వంతు నడుస్తోంది. గురవమ్మ చేతులు వాచి ఉన్నాయి, అయినా ఆపడం లేదు. ఆ అమ్మాయి ఆమె పక్కన నిలబడి, "అమ్మా, ఆయన ప్రసంగంలో మీకు అంతగా నచ్చిందేమిటి?" అని అడిగింది.

"నచ్చటమేంది తల్లీ, ఆపితే మాట్లాడతడు" అంది గురవమ్మ. "మాట్లాడితే మమ్మల్ని లేచిపొమ్మంటరు. వచ్చినదానివి ఎట్టాగూ వచ్చావు, నువ్వూ కాసేపు కొట్టు. మా మార్త ఇంత అన్నం తినొస్తది."

ఆ అమ్మాయి వేదిక వైపు చూసింది. మంత్రిగారి పెదవులు అదురుతున్నాయి. చేతిలో సంచీ కింద పెట్టి ఆమె కూడా చప్పట్లు అందుకుంది.