అల్మరా మీద టీ గ్లాసు

శుక్రవారం ఉదయం ఏడున్నరకు కైరో షుబ్రా పేటలోని తన దుకాణం షట్టరు ఎత్తేటప్పటికి, పేటంతా ఉస్తా అని పిలిచే కరెంటు మేస్త్రీ ఫిక్రీ బుర్రలో మూడే పనులున్నాయి. ఎనిమిదింటికి పాత స్విచ్ పీకడం. తొమ్మిదింటికి కొత్తది బిగించడం. ఒంటిగంటకు, జుమా నమాజు అయ్యాక, ఇంజనీర్ బహ్‌గత్ బే ముఖం చూడడం. మొదటి రెండూ పని. మూడోది పండగ.

పక్క వీధిలో ఆరంతస్తుల భవనం ఒకటుంది. దాని నీళ్ల పంపు కింద తొట్టెలో మునిగి ఉంటుంది, దాని గొంతు ఎవరూ వినలేదు. దానికి కరెంటు ఇచ్చే స్విచ్ మాత్రం డాబా మీద, ట్యాంకు పక్క చిన్న గదిలో ఉంటుంది. ట్యాంకులో నీళ్లు తగ్గగానే తేలే బంతి కిందికి దిగుతుంది. అయస్కాంతం లాగుతుంది. స్విచ్ ఇనప దవడ ధభీమని మూసుకుంటుంది. ఆ దెబ్బ నీళ్ల గొట్టం పట్టుకుని కింది అంతస్తు దాకా పోతుంది.

ఆ గదికి సరిగ్గా కింద కాపురం మదామ్ ఇన్సాఫ్‌ది. ఆడపిల్లల బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఆవిడ హాల్లో అద్దాల అల్మరా ఉంది. అందులో పెళ్లినాటి పింగాణీ సామాను. నలభై రెండేళ్లుగా దుమ్ము దులపడమే తప్ప ఆ కప్పుల్లో ఎవరూ టీ తాగలేదు. పైన స్విచ్ పడ్డప్పుడల్లా కప్పులన్నీ సాసర్ల మీద ఎగిరిపడేవి. పోయిన నెల టీపాట్ పిడి ఊడిపోయింది. ఆవిడ ఆ పిడిని కవర్లో పెట్టి తీసుకెళ్లి భవనం కమిటీ బల్ల మీద ఉంచింది.

"ఇదిగో శవం," అంది. "హంతకుడు పైన గదిలో ఉన్నాడు."

గౌరవంగా బే అనిపించుకునే కమిటీ అధ్యక్షుడు బహ్‌గత్ నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేశాడు. ఆయన మేనల్లుడు విదేశీ స్విచ్ ప్యానెళ్లు అమ్ముతాడు. ఆయనకు ఆ పిడి దేవుడిచ్చిన అవకాశంలా కనిపించింది.

"ఆ పాత సామాను పీకేద్దాం. మావాడు కొత్తది పెడతాడు. గది తాళంచెవి ఇటివ్వు ఉస్తా."

ఇరవై ఆరేళ్లుగా ఆ తాళంచెవి ఫిక్రీ నడుముకే వేలాడుతోంది. పేటలో నలభై పంపులకు ఆయనే వైద్యుడు. మొదటిది ఈ భవనమే. ఇక్కడ తాళంచెవి పోయిందంటే మధ్యాహ్నానికి కాఫీ హోటళ్లన్నిటికీ తెలుస్తుంది.

"వచ్చే శుక్రవారం ఒంటిగంటకు," అన్నాడు ఫిక్రీ నెమ్మదిగా, "మదామ్ అల్మరా మీద అంచుదాకా టీ పోసిన గ్లాసు పెట్టండి. పైన స్విచ్ పడ్డాక టీ వణికితే తాళంచెవి మీది."

ఆ ధైర్యం గాల్లోంచి ఊడిపడలేదు. ఇరవై ఆరేళ్లు విన్న చెవికి ఒక రహస్యం తెలుసు: ప్రతి దెబ్బా ఒకేలా పడదు. పది పన్నెండుసార్లకు ఒకసారి, ఎవరో చెప్పినట్టు, దవడ మెత్తగా మూసుకునేది. ఏసీ కరెంటు సెకనుకు యాభైసార్లు అలలా లేచి పడుతుంది. అల ఏ చోట ఉండగా స్విచ్‌కు అందిందో దాన్నిబట్టి దెబ్బ. పన్నెండోసారి యాదృచ్ఛికంగా జరిగే మంచిని ప్రతిసారీ జరిపించగలిగితే?

ఆ పందేనికి ముందే, మూడు నెలలు దుకాణం వెనక కూర్చుని అరచేతంత బోర్డు ఒకటి తయారుచేశాడు. అది అల కోసం కాచుకుంటుంది. సరైన చోటు రాగానే కరెంటు వదులుతుంది. దవడ సగం దూరం రాగానే రెప్పపాటు ఆపేస్తుంది. దవడ తన ఊపు మీద తాను వచ్చి కూర్చోగానే మళ్లీ పట్టుకుంటుంది. పసిపిల్ల నిద్రపోతున్న గది తలుపు తల్లి ఎలా వేస్తుంది? మొదట తోస్తుంది, చివర్లో చెయ్యి అడ్డం పెడుతుంది. అంతే. ఆ అంతేకే మూడు నెలలు పట్టింది.

తొమ్మిదింటికి కొత్త స్విచ్ బిగించి, బంతిని చేత్తో నొక్కి చూశాడు. చప్పుడు లేదు. వేలు ఆనించి చూస్తే తప్ప మూసుకున్న సంగతి తెలియలేదు. ఆ చిన్న గదిలో ఒంటరిగా నిలబడి ఫిక్రీ తన భుజం తానే తట్టుకున్నాడు. పాత స్విచ్‌ను సంచిలో వేసుకున్నాడు. వాచ్‌మన్ దర్దీరీ డాబా మీద పెంచే బాతుల మేత ఆ గదిలోనే ఉంటుంది కాబట్టి ఎప్పటిలాగే తలుపు దగ్గరగా వేసి, స్నానానికి, ఇస్త్రీ చొక్కాకు ఇంటికెళ్లాడు.

గొప్ప పని చేసినవాళ్లు చేసే పొరపాటే ఆయనా చేశాడు. స్విచ్ మార్చిన సంగతి దర్దీరీకి చెప్పలేదు.

పది గంటల యాభై నిమిషాలు. భవనమంతా నమాజుకు ముందు స్నానాల్లో ఉంది. ట్యాంకులో నీళ్లు తగ్గాయి. బంతి దిగింది. పైన స్విచ్ మూసుకుంది. పంపు ఎత్తుకుంది. ఎవరికీ తెలియలేదు.

పదకొండింటికి నాలుగో అంతస్తు ఉమ్ నజీహ్ వంటింటి కిటికీలోంచి, అన్ని అంతస్తుల వంటిళ్లూ తెరుచుకునే గాలిబావిలోకి తల పెట్టింది.

"దర్దీరీ! ఓ దర్దీరీ! దెబ్బ పడలేదేం?"

ఆ భవనంలో గడియారాలు అలంకారానికే. దెబ్బ పడితేనే ఉమ్ నజీహ్ బట్టల మెషీన్ వేస్తుంది. దెబ్బ పడితేనే రెండో అంతస్తు ముసలాయన గడ్డానికి సబ్బు రాస్తాడు. దెబ్బ పడిందంటే ట్యాంకు నిండుతున్నట్టు, పడలేదంటే ఖాళీ అవుతున్నట్టు.

"పడలేదా?" అంది మూడో అంతస్తు కిటికీ.

"ఎక్కడ పడింది? చెవులొగ్గి కూర్చున్నాను! బిందెలు నింపుకోండర్రా!"

నీళ్లు అయిపోతాయన్న భయంతో భవనం మొత్తం నీళ్లు పట్టింది. స్నానాల తొట్లు నిండాయి. బకెట్లు నిండాయి. ములూఖియా కూర గిన్నెలు కూర తీసి మరీ నింపారు. వాళ్లు పట్టేకొద్దీ పంపు తోడింది, పంపు తోడేకొద్దీ ధార తగ్గలేదు. ధార తగ్గకపోయేసరికి ఉమ్ నజీహ్‌కి మరింత భయం వేసింది.

"ఇదే చివరి ధార! పట్టుకోండి, పట్టుకోండి!"

కింద దర్దీరీ చీపురుకర్ర భుజాన వేసుకుని ఆరంతస్తులు ఎక్కాడు. ఎగువ ఈజిప్టు మనిషి, తొందరపడడు. స్విచ్ మొరాయిస్తే ఏం చేయాలో ఆయనకు తెలుసు. గతంలో పదిసార్లు చేశాడు. కర్ర ఒక కొస స్విచ్ దవడకు ఆనించి, రెండో కొస ఎదురుగోడకు బిగించాడు. దవడ అప్పటికే మూసుకుని ఉంది. కానీ చప్పుడు చేయని స్విచ్‌ను నువ్వు పనిచేస్తున్నావా అని ఆ భవనంలో ఎవరు మాత్రం అడుగుతారు?

"నేను చూసుకున్నా!" అని గాలిబావిలోకి అరిచాడు. "ఉస్తా ఉస్తా అంటారు గానీ, ఆఖరికి చీపురే దిక్కు!"

బాతులకు మేత వేసి మసీదుకు వెళ్లిపోయాడు.

భవనంలో నింపాల్సినవన్నీ నిండాయి. కుళాయిలు కట్టేశారు. ట్యాంకు నిండింది. బంతి పైకి లేచి చాలని చెప్పింది. స్విచ్‌లో అయస్కాంతం వెంటనే మాట విని పట్టు వదిలేసింది. చీపురుకర్ర వదల్లేదు. పంపు తోడుతూనే ఉంది. నీళ్లు పొర్లితే బయటికి పోవాల్సిన గొట్టం బాతుల ఈకలతో ఎప్పుడో పూడిపోయింది.

ఒంటిగంట.

మదామ్ ఇన్సాఫ్ హాల్లో అల్మరా మీద టీ గ్లాసు పెట్టారు. అంచుదాకా ఉంది, నాలుగు చెంచాల చక్కెర, పుదీనా రెబ్బ. బహ్‌గత్ బే ఎదురు సోఫాలో బోడితల తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఫిక్రీ నిలబడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకు తాళంచెవి.

"ఒక షరతు," అన్నాడు బహ్‌గత్ బే. "నువ్వు పైకి వెళ్లకూడదు. వెళ్తే స్విచ్‌ను చేత్తో పట్టుకున్నావంటాం."

"వెళ్లను."

"మదామ్, కుళాయి తిప్పండి. నీళ్లు తగ్గితేనే కదా పడేది."

ఆవిడ స్నానాలగదిలో కుళాయి తిప్పి వచ్చింది. ముగ్గురూ టీ వంకే చూస్తూ ఉన్నారు. ఐదు నిమిషాలు. పది. పుదీనా రెబ్బ కూడా కదల్లేదు. ఇరవై.

"చప్పుడు చేయదన్నావు," అన్నాడు బహ్‌గత్ బే. "అసలు పనే చేయదని చెప్పలేదే ఉస్తా."

ఫిక్రీ చొక్కా వీపుకు అంటుకుంది. ఇంతసేపూ పడలేదా? పడితే వినపడలేదా? ప్రపంచంలో ఏ స్విచ్ దెబ్బనైనా గోడ అవతలినుంచి పోల్చగల చెవి తనది. ఆ చెవికి తెలియకుండా చేయడమే మూడు నెలల కష్టం. ఇప్పుడు ఆ చెవికీ ఏమీ తెలియడం లేదు.

"పడే ఉంటుంది బే," అన్నాడు.

"సాక్ష్యం?"

"టీ వణకలేదు."

"మా ఇంట్లో చచ్చిపడున్న రేడియో కూడా వణకదు!"

అప్పుడు తలుపు దగ్గర ఎవరో పిలిచారు. తట్టలేదు, పిలిచారు. మదామ్ ఇన్సాఫ్ వెళ్లి తలుపు తీసింది. బాతు లోపలికి వచ్చింది. తెల్లది, లావుది, కమిటీకి ఆలస్యంగా వచ్చిన సభ్యురాలిలా ఎవరినీ చూడకుండా నడిచి హాలు మధ్యలో నిలబడింది. కాళ్ల వెంట తివాచీ మీద తడి అడుగులు.

"దర్దీరీ బాతు," అంది మదామ్. "ఇది మెట్లు ఎప్పుడూ దిగలేదే?"

"దీనిక్కూడా టీ పోయండి, అదీ చూస్తుంది," అన్నాడు బహ్‌గత్ బే. ఆ మాట పూర్తికాలేదు. లేచి నిలబడ్డాడు. "వణికింది!"

నిజమే. గ్లాసులో టీ వణికింది. గుండ్రంగా అల లేచి అంచు దాటి అల్మరా మీదికి ఒలికింది.

"చూశారా మదామ్? మీ కళ్లతో చూశారు! ఇటివ్వు!"

ఇచ్చిన మాట మాటే. ఫిక్రీ తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఆరేళ్ల తర్వాత నడుము తేలికైంది. ఆ తేలిక భరించలేనట్టు ఉంది.

బహ్‌గత్ బే చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే ఆయన బోడితల మీద టప్పుమని చుక్క పడింది. ఇంకోటి పడింది. ముగ్గురూ తలెత్తి చూశారు. పాత స్విచ్ ఇరవై ఆరేళ్లు కొట్టి కొట్టి అల్మరా నుంచి బల్ల దాకా పైకప్పులో తెరిచిన బీటలోంచి నీళ్లు కారుతున్నాయి.

"పంపు!" అంటూ ఫిక్రీ తలుపు వైపు దూకాడు.

మెట్లమీద నీళ్లు ఒక్కో మెట్టూ దిగి వస్తున్నాయి. వాటి వెంట మిగతా ఐదు బాతులూ వరసగా దిగుతున్నాయి. ఫిక్రీ వాటిని దాటుకుని డాబా మీదికి, గదిలోకి పరిగెత్తాడు. చీలమండ లోతు నీళ్లు. స్విచ్‌కూ గోడకూ మధ్య చీపురుకర్ర.

కర్ర లాగేశాడు. స్విచ్ తెరుచుకుంది. పంపు ఆగింది. అంతా నిట్టూర్పంత చప్పుడు.

వెనకే బహ్‌గత్ బే, మదామ్ రొప్పుతూ వచ్చారు. నమాజు నుంచి తిరిగొచ్చిన దర్దీరీ కూడా వచ్చి, డాబాను, నీళ్లను, ఖాళీ బాతుల గూడును చూశాడు.

"ఈ కర్ర ఎవరిది?" అన్నాడు బహ్‌గత్ బే.

"నాదే బే. దెబ్బ పడలేదు కదా, నేనే పడేశా."

"ఎన్నింటికి?"

"పదకొండింటికి."

మదామ్ ఇన్సాఫ్ చెయ్యెత్తింది. ఆ చెయ్యి లేస్తే మూడు వందల మంది ఆడపిల్లలు నోరు మూసేవారు. ముగ్గురు మగవాళ్లు కూడా మూశారు.

"పది గంటల నుంచీ ఆ అల్మరా ముందే ఉన్నాను," అంది. "ఒక్కో కప్పూ తీసి తుడిచాను. ఉస్తా, దర్దీరీ రాకముందే నీ స్విచ్ పడే ఉంటుందా?"

ఫిక్రీ వంగి బోర్డు వైపు చూశాడు. పడిన ప్రతిసారీ ఒక అంకె పెరిగేలా చిన్న లెక్కింపు పెట్టాడు, తన మురిపెం కోసమే. పొద్దున తను రెండుసార్లు నొక్కి చూశాడు. అక్కడ మూడు ఉంది.

"ఒకసారి పడింది మదామ్. తనంతట తనే."

"నా చేతిలో కప్పు ఉండగా పడింది. నాకు తెలియలేదు." ఆవిడ బహ్‌గత్ బే వైపు తిరిగింది. "రెండు గంటలకు పైగా పంపు నడిచింది. ఆఖరి అరగంట దాని కింద కూర్చుని మీరు దాన్ని చచ్చిందన్నారు. ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది బే?"

"కానీ టీ వణికిందిగా..."

"నీళ్లు పడితే వణికింది. నా పిల్లల్లో ఎవరైనా ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేసేదాన్ని."

ఆవిడ బల్ల మీది తాళంచెవి పిడికిట్లో పెట్టుకునే వచ్చింది. తీసి ఫిక్రీ అరచేతిలో ఉంచింది. "నీ చేతులు చల్లగుండాలి ఉస్తా." ఫిక్రీ దాన్ని నడుముకు తగిలించుకున్నాడు. తడిసి ముద్దయిన ఇస్త్రీ చొక్కాలో ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పటికి మెట్ల నిండా జనం. అందరి ముందూ ఉమ్ నజీహ్.

"దెబ్బ మాయం చేసింది నువ్వేనా ఉస్తా?"

"నేనే హాజ్జా," అన్నాడు ఫిక్రీ గర్వంగా. "ఇక జన్మలో వినపడదు."

"నీ ఇల్లు బంగారంగాను! మరి నేను మెషీన్ ఎప్పుడు వేయాలి?"

"నేను గడ్డం ఎప్పుడు గీసుకోవాలి?" అన్నాడు రెండో అంతస్తు ముసలాయన.

"నాకది గడియారం ఉస్తా," అన్నాడు దర్దీరీ, తడిసిన బాతును చంకలో పెట్టుకుని. "ఇంటికి పెద్ద దగ్గినట్టుండేది."

తొట్టెల నిండా, గిన్నెల నిండా నీళ్లు పట్టుకున్న భవనం ఏకగ్రీవంగా తీర్మానించింది: దెబ్బ కావాలి. మదామ్ ఇన్సాఫ్ ఒకే సవరణ కోరింది: తన అల్మరాకు ఆరంతస్తుల దూరంలో. బహ్‌గత్ బే సంతకం పెట్టాడు.

మర్నాడు ఉదయం ఉస్తా ఫిక్రీ సంచిలోంచి పాత స్విచ్ తీసి, నూనె రాసి, కింద దర్దీరీ కుర్చీ పక్కన గొట్టానికి ఆనించి బిగించాడు. కొత్తది మూసుకున్నప్పుడల్లా ఇదీ ధభీమని మూసుకుంటుంది. దీనికి ఏ పంపూ తగిలించలేదు.

ఇప్పుడు ఆ భవనంలో పనిచేసేదానికి చప్పుడు లేదు, చప్పుడు చేసేదానికి పని లేదు.